ఫెయిలైనవాళ్ల బండి

ఉద్యోగంలో చేరిన రోజు మా పెద్దసారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న చదువు గురించి కాదు, ఊరి గురించీ కాదు. నా ఆర్డరు కాగితం చూసి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, "టీచరమ్మా, నీకెప్పుడన్న చచ్చిపోవాలనిపించిందా?" అని అడిగారు.

నేను తెనాలి నుంచి ముందురోజే రైలు దిగాను. కొత్త చీర, కొత్త చెప్పులు, కొత్త ఊరు. రాజ్యాంగం గురించో రుతుపవనాల గురించో అడిగి ఉంటే గడగడా చెప్పేదాన్ని. ఈ ప్రశ్న మాత్రం ఏ గైడులోనూ లేదు. చివరికి, "అయ్యో, లేదండీ!" అన్నాను.

"మంచిది. ఎప్పుడన్న అనిపిస్తే నాకు చెప్పాలె. జరమొస్తే చెప్తవా లేదా? గట్లనే. సిగ్గుపడొద్దు. పో ఇగ, ఎనిమిదో క్లాసుల సోషల్ చెప్పేటోళ్లు లేక పోరగాళ్లు బెంచీలు ఇరగ్గొడ్తున్నరు," అన్నారు.

ఆ సాయంత్రం ఎస్టీడీ బూతు నుంచి అమ్మకి ఫోన్ చేసి, మా హెడ్మాస్టరు మంచివాడే గానీ కాస్త తేడా అని చెప్పాను. ఆయన పేరు ఇక్కడ రాయను. మాకందరికీ ఆయన పెద్దసారు, అంతే.

ఇన్నాళ్లకి ఆయన గుర్తొచ్చింది మా అమ్మాయి వల్ల. తనూ సర్కారు బడిలోనే టీచరు. మొన్న ఏదో శిక్షణకి వెళ్లొచ్చి, హ్యాండ్‌బ్యాగు సోఫాలో పడేసి, "అమ్మా, పిల్లలు ప్రాణాలు తీసుకోకుండా ఏం చేయాలో ఇకమీదట ప్రతి బడీ ఒక విధానం రాసి పెట్టుకోవాలట. చట్టప్రకారం తప్పనిసరట," అంది. మంచిదేగా అన్నాను. "మంచిదే. కానీ ఆ కౌన్సెలరమ్మ ఏమందో తెలుసా? పిల్లల మీద అనుమానం వస్తే డొంకతిరుగుడు లేకుండా ఆ మాటే అడగాలట. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదట, ఉన్న బరువు దిగుతుందట. ఆ మాట నోటితో ఎలా అంటామమ్మా? హాల్లో అందరం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం."

నాకు నవ్వాగలేదు. ఇంత సీరియస్ విషయానికి నవ్వుతావేంటని మా అమ్మాయి నా మీద లేచింది. అప్పుడిక పెద్దసారి గురించి చెప్పక తప్పలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. దానికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. చెప్పనివి కూడా కొన్ని.

అవి ఎనభైలు ముగిసి తొంభైలు మొదలవుతున్న రోజులు. సినిమావాళ్లు మద్రాసు నుంచి ఒక్కొక్కరే సామాన్లు సర్దుకొచ్చి జూబ్లీ హిల్స్ రాళ్ల మీద ఇళ్లు కట్టుకుంటున్నారు. ఫిల్మ్ నగర్‌లో ఎటు చూసినా సగం లేచిన గోడలు, బండరాళ్లు, వాటి మధ్యనుంచి షూటింగు జనరేటర్ల మోత. ఆ మోత వినిపించే దూరంలోనే మా బడి. మా పిల్లలంతా ఆ ఇళ్లలోనో ఆ షూటింగుల్లోనో పనిచేసేవాళ్ల పిల్లలు. లైట్లు మోసేవాళ్లు, సెట్లు కొట్టే వడ్రంగులు, కార్ల డ్రైవర్లు, వంటవాళ్లు.

పెద్దసారు ఏ పిల్లాణ్ణీ పేరుతో పిలవగా నేను వినలేదు. తండ్రి పనితో పిలిచేవారు. "ఏయ్ లైటూ, చెప్పులు చేతుల వట్టుకొని క్లాసులకు ఎందుకొస్తున్నవ్‌రా?" "మేకప్, ముందుగాల నీ ముక్కు తుడుసుకో." షూటింగులకి గుర్రాలు కిరాయికిచ్చే ఆయన కొడుకొకడు ఉండేవాడు, వాడు గుర్రం. పిల్లలు కూడా ఒకరినొకరు అలాగే పిలుచుకునేవాళ్లు. కన్నవాళ్లు ముచ్చటపడి పెట్టుకున్న పేర్లు ఉండగా ఇదేంటండీ అని ఒకసారి అడిగాను. "పేరు గుర్తువెట్టుకుంటే ఏమొస్తదమ్మా? పని గుర్తుంటే ఇల్లు గుర్తుంటది. ఇల్లు గుర్తుంటే అవసరం పడ్డప్పుడు ఉరుకొచ్చు," అన్నారు. నన్ను మాత్రం కొన్నాళ్లు తెనాలి అనీ, తర్వాత టీచరమ్మా అనీ పిలిచారు.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవారు. కోపం ముక్కు మీదే. ఆయన స్కూటరు ఆయనకంటే మొండిది. దాన్ని పక్కకి వంచి, బుజ్జగించి, బూతులు తిట్టి, మళ్లీ పిల్లలు విన్నారేమోనని చుట్టూ చూసి, అప్పుడు స్టార్టు చేసేవారు. పాఠం చెప్పడంలో అంతంత మాత్రమే. ఇంగ్లీషు గ్రామరుతో మొదలుపెట్టి టోలిచౌకి బిర్యానీ దగ్గర తేలేవారు. ఆ గంట అయ్యేసరికి క్లాసు క్లాసంతా ఆకలితో అల్లాడేది.

గదిలో కుర్చీ ఉన్నా దాని మీద ఫైళ్లే కూర్చునేవి. ఆయన పొద్దున గంటసేపు, సాయంత్రం గంటసేపు గేటు దగ్గర నిలబడేవారు. లోపలికొచ్చే మొహాలూ బయటికెళ్లే మొహాలూ చూడటమే హెడ్మాస్టరు పని, మిగతాదంతా గుమాస్తా పని అనేవారు. ఏ మొహమైనా వాడినట్టు కనిపిస్తే ఆ పిల్లనో పిల్లాణ్ణో కుళాయి దగ్గరికి తీసుకెళ్లి, నన్నడిగినట్టే అడిగేవారు. అదే ప్రశ్న, అంతే మామూలుగా. చాలామంది "ఏంది సార్ మీరు!" అని నవ్వేసేవాళ్లు. కొందరు లేదు లేదంటూనే ఏడ్చి, నాన్న తాగొచ్చి కొట్టాడనో, నిన్నటి నుంచి ఇంట్లో పొయ్యి వెలగలేదనో చెప్పేసేవాళ్లు. అవునన్నవాళ్లని మాత్రం నేను అప్పటిదాకా చూడలేదు.

ఈ అలవాటు మా తెలుగు మాస్టారికి అస్సలు గిట్టేది కాదు. "సార్, పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. ఆ పాడుమాట అన్నప్పుడు వాళ్లు తథాస్తు అన్నారంటే ఇంకేమైనా ఉందా?" అని చెవులు మూసుకునేవారు.

"ఉంటే మంచిదే గద పంతులూ," అన్నారు పెద్దసారు. "ఎన్నేండ్ల సంది నేను అందరు పాసు గావాలె, అందరు పాసు గావాలె అని మొత్తుకుంటున్న! ఒక్కపాలన్న తథాస్తు అన్నరా? ఆళ్లు మన బడి మీదికెల్లి పోతలేరు."

స్టాఫ్‌రూమంతా నవ్వింది. తెలుగు మాస్టారూ నవ్వారు, కాకపోతే శివ శివ అనుకుంటూ నవ్వారు.

పదో తరగతి ఫలితాలు అప్పట్లో పేపర్లో నంబర్లుగా వచ్చేవి. నంబరు ఉంటే పాసు, లేకపోతే లేదు. అవి వచ్చేది వేసవి సెలవుల్లో. ఆ రోజు బళ్లన్నీ తాళాలేసి ఉంటాయి. నేను చేరిన మొదటి వేసవిలో పెద్దసారు ఊళ్లో ఉన్న మమ్మల్నందర్నీ పిలిపించి, ఫలితాల రోజు మన బడి తెరిచి ఉంచుతున్నాం, నంబరు లేని పిల్లలు ఇంటికంటే ముందు ఇక్కడికి రావాలి అని చెప్పారు. పరీక్షలకి ముందే పిల్లలకీ చెప్పి ఉంచారు.

ఆ రోజు నంబరు ఉన్న పిల్లలే వచ్చారు. మిఠాయి డబ్బాలు పట్టుకుని మరీ వచ్చారు. కాదంటే పిల్లలు చిన్నబుచ్చుకుంటారని పెద్దసారు ప్రతి డబ్బాలోంచీ ఒకటి తిన్నారు. మధ్యాహ్నానికి కడుపు పట్టుకుని కూర్చున్నారు. నంబరు లేనివాళ్లు ఒక్కరూ గేటు వైపు రాలేదు. "ఫెయిలైనోడు బడి మొహం ఎందుకు జూస్తడు? నాకు బుద్ధి లేదు," అని తనని తానే తిట్టుకుని, స్కూటరు వంచి, బుజ్జగించి, వాళ్ల ఇళ్లకి బయల్దేరారు. ఆయన స్కూటరు ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంట్లో ఫెయిలైనట్టని రెండో వీధికల్లా తెలిసిపోయింది. ఆ చప్పుడు వినగానే తల్లులు తలుపులు వేసేసుకున్నారు. పాసైన పిల్లాడి తల్లి ఒకామె ఇంకా పేపరు చూడక, ఆయన్ని గుమ్మంలో చూసి ఘొల్లుమంది. ఆమెని ఊరుకోబెట్టడానికి ఆయన మళ్లీ ఓ లడ్డు తినాల్సొచ్చింది.

ఇలా ఒక్క బడితో అయ్యే పని కాదు, దీనికి చట్టం కావాలి అన్నది ఆ మర్నాడే. "ఫలితాలొచ్చిన దినం ఏ బడికీ తాళం వడొద్దు. ఫెయిలైన పిల్లను ఆ దినం ఒక్కదాన్ని ఇడిసిపెట్టొద్దు. గీ రెండు ముక్కలు అసెంబ్లీల పాసైతే సాలు," అన్నారు. జూబ్లీ హిల్స్‌లో ఒక ఎమ్మెల్యే ఉండేవారు. ఆయన సినిమాలు కూడా తీసేవారు. అక్కడికి పెద్దసారు నన్నూ రమ్మన్నారు. నేనెందుకండీ అంటే, "సినిమాలల్ల మాట్లాడేది మీ మాటనే గద. నా మాట ఆయనకు తెలుస్తదో లేదో, పక్కన ఉండు," అన్నారు.

ఆ ఇంటి గేటు దగ్గర వాచ్‌మన్ మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఛాన్సా, ట్రాన్స్‌ఫరా?" అని అడిగాడు.

"రెండు గాదు. చట్టం," అన్నారు పెద్దసారు.

వాచ్‌మన్ కాసేపు ఆలోచించాడు. లోపల రెండే వరసలున్నాయి. ట్రాన్స్‌ఫర్ల వరస చాంతాడంత ఉందని మా మీద జాలిపడి, ఛాన్సుల వరసలో కూర్చోబెట్టాడు. మా ముందు ఒకాయన అద్దంలో కోపం ప్రాక్టీసు చేస్తున్నాడు.

లోపల ఎమ్మెల్యేగారు సోఫాలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. కథలు వినేటప్పుడు నిర్మాతలు అలాగే వింటారని నాకు తర్వాత తెలిసింది. "కానివ్వండి. క్లుప్తంగా," అన్నారు.

పెద్దసారు చేతులు కట్టుకుని నిలబడి మొదలుపెట్టారు. "ఒక పోరడు సార్. సెట్లు కొట్టే వడ్ల మేస్త్రి కొడుకు. మంచిగ సదువుతడు. పేపర్ల నంబర్ లేదు. ఇంటికి పోవాలంటె భయం. ఎవలకన్న చెప్పుకుందమని బడికొచ్చిండు. గేటుకు తాళం. సర్కారు రూలు ప్రకారం హెడ్మాస్టరే ఏసి, ఊరికి పోయిండు. ఆ పోరడు తాళం పట్టుకొని శానసేపు గుంజిండట. ఎదురుంగ శాయ హోటలాయన జూసిండు."

ఎమ్మెల్యేగారు కళ్లు తెరిచారు. "గుండె పట్టేసిందండీ! ఇంటర్వెల్ అక్కడ పడాలి. తర్వాత?"

"తర్వాత ఏం లేదు సార్. తెల్లారేసరికి పోరడు లేడు."

"అబ్బే, అది కుదరదు మాస్టారూ. పిల్లాడు చచ్చిపోతే జనం ఒప్పుకోరు. బతికించండి."

"గదే సార్ నేను జెప్పేది," అన్నారు పెద్దసారు. "బతికియ్యుండ్రి."

నాకప్పుడు అర్థమైంది, తాళం వేసిన హెడ్మాస్టరు ఎవరో. నేను చేరకముందు జరిగిన సంగతి అది. బడిలో ఎవరూ నాకు చెప్పలేదు. తలొంచుకుని కళ్లు తుడుచుకున్నాను. ఎమ్మెల్యేగారికీ విషయం తెలియడానికి ఎక్కువసేపు పట్టలేదు. సోఫాలో నిటారుగా కూర్చుని, పెద్దసారిని కూర్చోమన్నారు. చట్టం మాటెత్తితే మాత్రం తల గోక్కున్నారు. "నేను వెనక బెంచీ వాణ్ణి మాస్టారూ. అసెంబ్లీలో నేను నోరు తెరిస్తే ఆవలింతకే. చట్టం సంగతి ప్రయత్నం చేస్తాను. ఇప్పుడు నా చేతిలో ఉన్నదేదైనా అడగండి."

ఇంకొకరైతే దణ్ణం పెట్టి లేచేవారు. పెద్దసారు ఒక్క నిమిషం పైకప్పు వంక చూసి, "అయితె సార్, మీ షూటింగులల్ల ఊకె నిలవడేటందుకు మంది గావాలె గద? ఫలితాల దినం మా ఫెయిలైనోళ్లను తోలుకపోండ్రి. షూటింగంటె ఒక్కడు ఇంట్ల ఉండడు. సాయంత్రం దాంక నా కండ్ల ముందే ఉంటరు," అన్నారు.

నిర్మాతగారికి అది వెంటనే నచ్చింది. క్రౌడ్ ఎప్పుడూ కావాల్సిందే కదా. ఆయన మాట నిలబెట్టుకున్నారని కూడా చెప్పాలి.

మరుసటి వేసవిలో ఫలితాలొచ్చిన పొద్దున, బడి ముందు షూటింగు బస్సు ఆగింది. పెద్దసారి అంచనా తప్పలేదు. నంబరు లేని పిల్లలు తలదువ్వుకుని, పౌడరు రాసుకుని వచ్చారు. కళ్లు ఉబ్బి ఉన్నాయి గానీ వచ్చారు. తల్లిదండ్రులు కూడా షూటింగంటే కాదనలేదు. గుర్రం పాసయ్యాడు. అయినా మేం చూసేలోపు ఎక్కి కిటికీ సీటు పట్టుకున్నాడు. "పాసైనోనికి ఈడేం పనిరా, దిగు!" అని పెద్దసారు చెవి పట్టుకుంటే, "దోస్తులంత ఈడనే ఉన్నరు సార్! నేనొక్కన్నే ఇంట్ల కూసొని ఏం జెయ్యాలె?" అని ఏడుపు మొదలెట్టాడు. సరే ఉండమన్నారు.

అందరూ ఎక్కాక చూస్తే స్టీరింగు లేదు. జూబ్లీ హిల్స్‌లో ఒక పెద్దింటి డ్రైవరు కూతురు ఆ పిల్ల. నెమ్మదస్తురాలు, ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. ఫెయిలవుతుందని మేమెవరం అనుకోలేదు. ఆమె నంబరు పేపర్లో లేదు.

ప్రొడక్షన్ మేనేజరు చంకలో సంచీతో బస్సు మెట్టు మీద గంతులేస్తున్నాడు. "మాస్టారూ, ఎండ పోతోందండీ! హీరోగారు మేకప్పేసుకుని కూర్చున్నారండీ! ఒక్క పిల్ల కోసం ఇంతమందిని ఆపేస్తారా?"

"ఆపుత. ఆ పిల్ల ఎక్కకుంటె బండి షూటింగుకు వోదు. ముందు ఆళ్లింటికి నడువు," అన్నారు పెద్దసారు.

బస్సు జూబ్లీ హిల్స్ ఎత్తు ఎక్కింది. ఆ పెద్దింటి ముందు స్టీరింగు వాళ్ల నాన్న తెల్ల యూనిఫారంలో కారు తుడుస్తున్నాడు. మమ్మల్ని చూసి మొహమంతా నవ్వు చేసుకుని, "సార్, పాసైంది గద? అయ్యగారికి నిన్ననే జెప్పిన, ఫస్టు క్లాసుల పాసైతదని. పొద్దుగాల్నే మీకిమ్మని స్వీటు డబ్బ ఇచ్చి పంపిన. రాలేదా?" అన్నాడు.

పెద్దసారు అతని భుజం మీద చెయ్యి వేసి, నంబరు లేదని చెప్పారు. అతనికి ముందు నంబరు సంగతి ఎక్కింది, తర్వాత కూతురు బడికి రాలేదన్న సంగతి ఎక్కింది. చేతిలో బట్ట కింద పడేసి, ఇంకేమీ అడక్కుండా బస్సెక్కేశాడు.

అక్కణ్నుంచి ఆ బస్సు చేసిన ప్రయాణం నేను మర్చిపోలేను. చెక్‌పోస్టు వైపు, యూసుఫ్‌గూడ వైపు, ఏ సందు కనిపిస్తే ఆ సందులోకి. ఫెయిలైన పిల్లలంతా తమ ఏడుపు మర్చిపోయి కిటికీల్లోంచి సగం బయటికి వేలాడుతున్నారు. మేనేజరు మొదట్లో గడియారం చూసుకున్నాడు. కాసేపటికి అతనూ మెట్టు మీద నిలబడి, "ఎరుపు గౌనా? జడలెన్ని?" అని పిల్లల్ని అడుగుతూ వెతకసాగాడు. పెద్దసారు ముందు సీటు కడ్డీ పట్టుకుని నిలబడ్డారు.

మధురానగర్ దగ్గర గుర్రం గావుకేక పెట్టాడు. "సార్! స్టీరింగు! గాడ, బస్టాపుల!"

బెంచీ మీద ఒక్కతే కూర్చునుంది. ఒళ్లో మిఠాయి డబ్బా. తండ్రి పరిగెత్తబోతే పెద్దసారు ఆపి, "నువ్వు జర ఆగు," అని, నన్ను రమ్మన్నారు. ఆయన ఆమెకి ఒక పక్కన, నేను ఇంకో పక్కన కూర్చున్నాం.

"ఎంత సేపాయె ఈడ కూసొని?"

"పొద్దుగాల సంది."

"బస్సులు వస్తలేవా?"

"వస్తున్నయ్ సార్. ఎక్కబుద్ధయితలేదు. ఎక్కి యాడికి పోవాలె?"

పెద్దసారు నన్ను మొదటిరోజు అడిగిన గొంతుతోనే అడిగారు. "చచ్చిపోవాలనిపిస్తున్నదా బిడ్డా?"

ఆమె డబ్బా మూత వంక చూస్తూ, "అవ్ సార్," అంది.

ఇన్నేళ్లుగా అడుగుతున్న ప్రశ్నకి ఈ జవాబు వస్తే ఏం చేయాలో ఆయనకైనా తెలుసా అని భయమేసింది. ఆయన గొంతు మాత్రం మారలేదు.

"మంచిగ జెప్పినవ్. చెప్పినవ్ గద, ఇగ అది నీ ఒక్కదాని సంగతి గాదు. నాది, టీచరమ్మది, మీ నాయనది. ఇయ్యాల నిన్ను ఒక్కదాన్ని ఇడువం. రేపు గూడ ఇడువం. డాక్టరు కాడికి పోదాం, జరమొస్తే పోతమా లేదా?"

"నాయనకు ఎట్ల జెప్పాలె సార్? అందరికి జెప్పుకున్నడు."

"నేను జెప్పిన. గాడ నిలవడ్డడు సూడు. చేస్తున్న పని ఇడిసిపెట్టి ఉరికొచ్చిండు."

అప్పుడిక తండ్రి ఆగలేదు. వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. యూనిఫారం జేబు తడుముకుని, "కారు తాళాలు నా కాడనే ఉండిపోయినయ్ బిడ్డా. అయ్యగారు ఎట్ల పోతడో ఏమో. పోనీ తియ్యి, నడిసిపోనీ. నువ్వు పా," అన్నాడు. ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే బస్సెక్కింది. లోపల గుర్రం తన కిటికీ సీటు ఇచ్చేశాడు. డబ్బాలో మిఠాయి చెక్‌పోస్టు దాటకముందే అయిపోయింది.

షూటింగు దగ్గర జరిగింది తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఒక కుర్ర అసిస్టెంటు డైరెక్టరు మైకు పట్టుకుని, "అందరూ వినండి! మీరంతా పది పాసయ్యారు! ఇప్పుడే పేపర్లో నంబరు చూసుకున్నారు! ఆ ఆనందం నాకు మొహంలో కనిపించాలి!" అన్నాడు. మా పిల్లలు ఒక్క క్షణం బిక్కమొహాలేసి, తర్వాత గొల్లున నవ్వారు. లైటు నేల మీద పడి దొర్లాడు. మేకప్ కడుపు పట్టుకుంది. సంగతి తెలియని డైరెక్టరు, "అద్భుతం! ఇదే, ఇదే! కెమెరా!" అని అరిచాడు.

స్టీరింగు నవ్వలేదు. పెద్దసారి చెయ్యి పట్టుకుని నిలబడింది.

"ఆ పెద్దాయన ఫ్రేములో ఉన్నారు. పక్కకి జరగాలి!" అని మైకులో వినిపించింది.

"జరగ," అన్నారు పెద్దసారు.

కాసేపు గుసగుసలయ్యాక, "సరే, మీరు హెడ్మాస్టరనుకుందాం. అలాగే ఉండండి," అన్నారు వాళ్లు.

"అనుకునుడేంది? ఉన్నగద!" అన్నారు ఈయన. ఎగరమన్నప్పుడు పిల్లలతోపాటు ఎగిరారు. పొడుగాటి మనిషి, ఎగరడం బొత్తిగా చేతకాలేదు. కళ్లజోడు జారింది. అది కింద పడకుండా స్టీరింగు పట్టుకుంది. ఆయనకి పెట్టబోయి, ఆ అవతారం చూసి కాస్త నవ్వింది. నేను చూశాను.

ఆ వేసవంతా పెద్దసారి స్కూటరు రోజూ సాయంత్రం ఆ పెద్దింటి వెనక డ్రైవరు గది ముందు ఆగేది. తండ్రిని వెంటబెట్టుకుని ఆమెని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు, ఒకసారి కాదు, ఆమె చాలనేదాకా. వెళ్లినప్పుడల్లా అదే ప్రశ్న. మొదట్లో "అవ్" అనేది, తర్వాత "జరంత" అనేది. ఒకరోజు, "దినాం గదే అడిగితే యాష్టకొస్తది సార్," అని విసుక్కుందట. ఆ విసుగుకి ఆయన ఎంత పొంగిపోయారంటే, మర్నాడు స్టాఫ్‌రూములో టీ తెప్పించి అందరికీ చెప్పుకున్నారు. తెలుగు మాస్టారు చెవులు మూసుకోకుండా విన్నారు.

చట్టం రాలేదు. ఆ సినిమా కూడా ఆడలేదు. "దాన్ని గూడ బండెక్కియ్యాలె పాపం," అన్నారు పెద్దసారు. బస్సు మాత్రం ఆయన రిటైరయ్యేదాకా ఏటా వచ్చింది.

ఫెయిలైనవాళ్లకి పెట్టే సెప్టెంబరు పరీక్షకి స్టీరింగు మళ్లీ కట్టింది. లెక్కల మాస్టారు కూర్చోబెట్టి చెప్పారు. ఫలితాలొచ్చిన పొద్దున పేపరు ఇంకా బడికి రాలేదు. పెద్దసారు గేటు దగ్గర, నేను ఆయన పక్కన నిలబడి ఉన్నాం. ఎత్తు మీదనుంచి ఆ పిల్ల ఒక్కతే గబగబా దిగొస్తోంది. ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

ఆమె వచ్చి ఆయన ముందు నిలబడి, ఊపిరి తీసుకుని, "సార్, మల్ల పోయింది," అంది. "లెక్కలే. నాయనకింక చెప్పలే. సీదా ఈడికే వచ్చిన. బండేది?"

ఫస్టు ర్యాంకు తెచ్చిన పిల్లని కూడా పెద్దసారు అంత సంతోషంగా చూడగా నేను ఎప్పుడూ చూడలేదు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు.

"ఇయ్యాల బండి లేదు బిడ్డా. నడుసుకుంట పోదాం పా, నాయన కాడికి," అన్నారు.

బడి గంట కొట్టే వేళయింది. అయినా ముగ్గురం ఆ ఎత్తు ఎక్కాం. దారంతా ఆయనా ఆమే కలిసి లెక్కల్ని తిడుతూనే ఉన్నారు.